ఎడమ చెవి మైనం

మా బావ చెవుల్లో పెట్టుకునే మైనం సమాధుల మీద నుంచి వచ్చేది.

నవంబరులో సమాధుల పండుగ నాడు మా చర్చి వాళ్ళందరూ చీపుళ్ళూ బకెట్లూ పట్టుకుని శ్మశానానికి బయల్దేరేవారు. ఎవరి పెద్దల సమాధులు వాళ్ళు కడుక్కుని, సున్నం వేసుకుని, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించేవారు. ఫాదరుగారు ఆశీర్వాదపు నీళ్ళు చిలకరించుకుంటూ వరసలన్నీ తిరిగేవారు. మర్నాడు తెల్లారగానే మా బావ ఒక పాత టిఫిన్ డబ్బా పట్టుకుని ఒక్కడే మళ్ళీ వెళ్ళేవాడు. గాలికి సగంలో ఆరిపోయిన కొవ్వొత్తి ముక్కలు ఏరి, రాళ్ళ మీద కారి గడ్డకట్టిన మైనాన్ని గడ్డం గీసుకునే బ్లేడుతో గీకి, డబ్బా నిండాక ఇంటికొచ్చేవాడు. ఆ డబ్బా ఆయన చెవులకి ఏడాది సరిపోయేది.

"సచ్చినోళ్ళ మైనం ఇంట్లోకి తేకు" అని మా అప్ప ఏటా గుమ్మానికి అడ్డంగా నిలబడేది. అప్పంటే నా అక్క. మా వైపు అక్కని అలాగే పిలుస్తాం.

"ఆళ్ళు బతికున్నప్పుడు నాకు కప్పు టీ పోసిన పాపాన పోనేదు. ఇప్పుడేనా మైనం ఇత్తన్నారు, తీసుకోనీ" అనేవాడు బావ, ఆవిడ పెదాల వైపే చూస్తూ.

పెదాల వైపు ఎందుకంటే, ఆయనకి అప్పటికే చెవులు సగం పోయేయి. హార్బరు పక్కన ఓడలు బాగుచేసే ఒక వర్క్‌షాపులో ఆయన పని. పనంటే చిప్పింగు. ఓడకి పట్టిన తుప్పునీ పాత రంగునీ సుత్తితో కొట్టి రాల్చడం. బయట కొడితే ఒక రకం. ఓడ కడుపులో ఇనప ట్యాంకులుంటాయి, వాటిలోకి పదిమంది దిగి, పది సుత్తులతో పొద్దున్నుంచి సాయంత్రం దాకా కొడితే ఇంకో రకం. చర్చి గంటలో తల పెట్టి కూర్చుంటే బయటనుంచి ఎవరో దాన్ని ఆపకుండా వాయిస్తున్నట్టు ఉంటుందని చెప్పేవాడు. చెవులకి పెట్టుకోవడానికి ఎవరూ ఏమీ ఇచ్చేవారు కాదు. ఒక ముసలి ఫిట్టరు నేర్పేడట ఆయనకి: దూది తీసుకుని, కరిగించిన మైనంలో ముంచి, అరచేతిలో వెచ్చబెట్టి, రేగుపండంత ఉండ చుట్టి, చెవి గుమ్మానికి అదమాలి. లోపలికి తొయ్యకూడదు. గుమ్మానికే. గాలి చొరబడకుండా. ఆ విద్య నేర్చుకునేసరికి ఆయన పనిలో చేరి నాలుగేళ్ళయింది. ఆ నాలుగేళ్ళే చెవుల్ని తినేసేయి.

మిగతావాళ్ళు పెట్టుకునేవారు కాదు. ఎందుకంటే మా వైపు చెవుల్లో దూది పెట్టుకునేది బాలింతలు. తలకి గుడ్డ కట్టుకుని, చెవుల్లో దూది కుక్కుకుని, కారప్పొడి అన్నం తింటూ మంచం మీద కూర్చునే మనిషి. మీసాలున్నవాడు ఆ వేషం వేస్తే ఊరుకుంటారా? "ఏటి బావా, మొగపిల్లాడా ఆడపిల్లా?" అని వర్క్‌షాపు గేటు దగ్గర రోజూ అడిగేవారట. ఆయనకి వినిపించేది కాదు. నవ్వి చెయ్యి ఊపి వెళ్ళిపోయేవాడు.

ఇక నా సంగతి. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. అమ్మ పోయాక అప్ప దగ్గరే, గోపాలపట్నంలో వాళ్ళ రెండు గదుల ఇంట్లో ఉండేవాణ్ణి. ఒక లారీ బుకింగ్ ఆఫీసులో రాతకోతల పని. అది పేరుకి. నా అసలు పని కోతలు, రాతలు కావు. హార్బరు పక్కన డాల్ఫిన్స్ నోస్ కొండ ఉంది చూశారూ, అది కొండ కాదు, నిజంగానే ఒక చేప అనీ, తెల్లదొరలు దాని ముక్కు మీద దీపం పెట్టేసరికి సిగ్గుపడి కదలడం మానేసిందనీ నేను చెప్తే, మా వీధిలో ఒక రిటైర్డు మేష్టారు కూడా ఒక నిమిషం ఆలోచించేరు. సంతలో కొన్న గుమ్మడికాయ కోస్తే అందులో టిక్కెట్టు కలెక్టరు కూర్చునున్నాడనీ, నన్ను టిక్కెట్టు అడిగేడనీ చెప్పి లారీ డ్రైవర్ల చేత టీలు పోయించుకున్నవాణ్ణి.

ఇంట్లో మాత్రం నాకు శ్రోతలు కరువు. బావకి వినపడదు. అప్పకి తీరదు. మిగిలింది వాళ్ళ ఒక్కగానొక్క కూతురు, నాలుగో ఏడు నడుస్తున్న నా మేనకోడలు. అది నా కథలు చెవులతో వినేది కాదు, నోరు తెరుచుకుని నోటితో వినేది. గుమ్మడికాయ టిక్కెట్టు కలెక్టరుకి రోజూ ఒక ముద్ద అన్నం పక్కన పెట్టేది.

ఆ ఏడు ఎండలింకా ముదరకముందు, స్టీల్‌ప్లాంటు వస్తుందని పొలాలు తీసేసుకుని చదును చేసి వదిలేసిన నేలలో, దువ్వాడకీ కూర్మన్నపాలేనికీ మధ్య, మోటారు సైకిళ్ళ పందెం పెట్టేరు. ఎవరు పెట్టేరో నాకు సరిగ్గా గుర్తు లేదు. మద్రాసు నుంచి కొందరు కుర్రాళ్ళొచ్చేరు, మన హార్బరు వైపు కుర్రాళ్ళు కొందరు కలిసేరు. ఎర్రమట్టి మీద సున్నంతో గీతలు, చుట్టూ తాళ్ళు, వెదురు మంచె మీద మైకు. ఊళ్ళో అప్పటికి పదిరోజుల్నుంచీ అదే మాట. మేనకోడల్ని తీసుకెళ్తానని నేను మాటిచ్చేను. బావ కూడా వస్తానన్నాడు. కానీ ఓడ ఒకటి వెళ్ళిపోవాలని ఆదివారం కూడా పనిలోకి రమ్మన్నారు.

పనికి వెళ్ళే ముందు ఆయన దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. డబ్బా మూత తీసేడు.

"ఆ సమాధుల మైనం పసిపిల్ల సెవుల్లోకా? నీకు మతి ఉందా?" అంది అప్ప.

"నిప్పు మీద కాగినాక ఇంకేటి సమాధి? ఆ బళ్ళకి సైలెన్సర్లు పీకీసి తోలతారంట. మా ట్యాంకు కన్నా ఎక్కువ మోత. దీని సెవులు కొత్తవి. నావి పోనాయి, దీనివీ పోవాలేటి?"

అంటూనే చిన్న ఉండలు చుట్టేడు. ఉసిరికాయంత పెద్ద వేళ్ళతో, శనగగింజ కన్నా కొంచెం పెద్దవి, రెండు. అరచేతిలో వెచ్చబెట్టి, తన మెడ మీద పెట్టి వేడి చూసుకుని, దాని చెవులకి ఒక్కొక్కటీ అదిమేడు. అది కితకితలు పడి నవ్వింది. అప్పుడు నా వైపు తిరిగి, చెవిటివాళ్ళు మాట్లాడే గట్టి గొంతుతో అన్నాడు:

"ఇంటికొచ్చీదాకా తియ్యకు. ఏడిసినా తియ్యకు. నాను వచ్చి తీత్తాను. వినబడిందా?"

"వినబడింది బావా."

"నీకు వినబడతాది లే. సేత్తావా అని."

"సేత్తాను."

అంతే. చేస్తానని చెప్పేను.

ప్యాసింజరెక్కి దువ్వాడలో దిగి, జనంతోపాటు నడిచేం. నా స్నేహితుడొకడు, రైల్వే కలాసీ, తోడొచ్చేడు. దాన్ని భుజాల మీద కూర్చోబెట్టుకున్నాను. మరమరాల పొట్లం దాని చేతిలో, సగం మరమరాలు నా జుట్టులో. దారి పొడుగునా నేను కథ చెప్తూనే ఉన్నాను, మీదనుంచి అది "ఏటి మావా? ఏటి?" అంటూనే ఉంది. మైనం బాగా కూర్చుంది మరి. మా బావ చేతిపని.

నా స్నేహితుడు దాని చెవుల వైపు చూసి ఆగిపోయేడు.

"ఇదేటి గురూ, పిల్ల బాలింతరాలా?"

పక్కనున్న నలుగురు నవ్వేరు. నేనూ నవ్వేను. అది కూడా నవ్వింది, ఎందుకో తెలీకుండా.

తాడు దగ్గర జాగా దొరికింది. సోడాలవాడి చెక్కపెట్టె ఒకటి బోర్లించి దాన్ని నిలబెట్టి, ఎడమ పక్కన నేను నిలుచున్నాను. బళ్ళు బయల్దేరేయి. అబ్బ, ఆ మోత! గుండెలో మోగుతుంది, పళ్ళలో మోగుతుంది. ఎర్రదుమ్ము లేచింది. అది చప్పట్లు కొట్టింది. దానికి భయం వెయ్యలేదు. దాని లోకంలో ఆ మోత చాలా దూరంలో ఉంది. బళ్ళు దాటి అవతలి మలుపు తిరిగేసరికి కొంచెం సద్దుమణిగింది. అప్పుడు నాకు ఒక మంచి కథ తట్టింది. చెప్పడం మొదలుపెట్టేను.

"ఏటి మావా?"

మళ్ళీ చెప్పేను.

"ఏటీ?"

మూడోసారి అరిచి చెప్పేను. అది తల అడ్డంగా ఊపింది. చూడండి, మైకు వాడి మాటలు ఊరంతా వింటున్నారు. నా కథ వినే ఒక్క మనిషికి నా కథ వినబడట్లేదు. నాకు ఉక్రోషం వచ్చింది. బాలింత అన్న మాట కూడా ఇంకా చెవుల్లో ఉంది. వంగి, గోటితో దాని ఎడమ చెవి మైనాన్ని మీటేను. ఉండ ఊడొచ్చింది. పెట్టె అంచున అంటించేను, కథ అయిపోగానే మళ్ళీ పెట్టేద్దామని.

అది ఎడమ చెవి నా నోటికి ఆనించింది. ఊపిరి బిగబట్టి వింది. కథలో ఎక్కడో నవ్వు దగ్గర నవ్వింది కూడా.

అప్పుడు చెడిపోయిన బండి ఒకటి తోసుకుంటూ తాడు దగ్గరికి తెచ్చేరు. మాకు నాలుగడుగుల దూరంలో, ఎడం పక్కన. దాని పొగగొట్టం మా వైపుంది. మెకానిక్కు వంగి ఏదో తిప్పేడు, తోలేవాడు ఎక్సలేటరు పూర్తిగా లాగేడు. రెండు మూడుసార్లు దగ్గి, ఆ బండి పేలింది. బాంబు కాదు, గొట్టంలోంచి పేలడం. మందుగుండు మూట మొహం మీద పగిలినట్టు.

నా రెండు చేతులూ లేచి నా చెవుల మీదికే వెళ్ళేయి.

ఈ ఒక్క సంగతి నేను ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూసుకున్నానో. చేతులు ముందు ఎవరి చెవుల మీదికి వెళ్ళేయి అన్నది. ఒక్క చెయ్యయినా దాని వైపు వెళ్ళిందేమోనని. వెళ్ళలేదు.

అది ఏడవలేదు. పెట్టె మీద అలాగే నిలబడింది. కాసేపటికి ఎడమ చెవిలో వేలు పెట్టుకుని, "మావా, ఇందులో ఈగ ఉంది" అంది.

మైనం ఉండ కోసం వెతికేను. పెట్టె అంచున లేదు. జనం వెనక్కి తోసుకున్నప్పుడు రాలిపోయి ఎవరి కాలికిందో పడి ఎర్రమట్టిలో కలిసిపోయింది. మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళతో దుమ్మంతా జల్లెడ పట్టేను. నా స్నేహితుడు, "ఏటి పారేసుకున్నావు, ఉంగరవా?" అన్నాడు.

తిరుగు బండి కోసం దువ్వాడ ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాం. బావ ఏం అడుగుతాడో తెలుసు. అందుకని ఒక పని చేసేను. దాని కుడి చెవి మైనం తీసి, రెండు ముక్కలు చేసి, రెండూ గుండ్రంగా చుట్టి, రెండు చెవులకీ చెరొకటి పెట్టేను. నా జీవితంలో నేను కట్టిన కథలన్నిటిలోకీ చిన్నది అది. ఒక్క మాట కూడా లేదు అందులో.

"ఈగ తిరుగుతంది మావా" అంది అది మళ్ళీ.

"ఈగ కాదే. ఇందాక పందెంలో ఒకడు దారి తప్పి నీ చెవిలోకి దూరిపోయేడు. ఆవగింజంత మనిషి, ఆవగింజంత బండి. తిరుగుతున్నాడు లోపల. పెట్రోలు అయిపోగానే దిగి వచ్చేస్తాడు. అమ్మకి చెప్పకు. పెద్దవాళ్ళు తొంగిచూస్తే బెదిరిపోయి అక్కడే ఉండిపోతాడు."

అది కళ్ళు ఇంత చేసుకుని తలూపింది. చెయ్యి చెవి మీద పెట్టుకుని మెల్లగా నడిచింది, లోపలివాడు పడిపోకుండా.

సాయంత్రం బావ వచ్చి, కాళ్ళు కడుక్కుని, దాన్ని ఒళ్ళో పెట్టుకుని మైనం తీసేడు. అరచేతిలో వేసుకుని చూసేడు.

"ఇంత సిన్నగా ఉన్నాయేటి?"

నేను చొక్కాకి అంటిన ఎర్రదుమ్ము దులుపుకున్నాను.

"ఎండకి కరిగిపోనాయి కావాల. లేపోతే నానే సిన్నవి సుట్టేనా?" అనుకున్నాడు తనలో తను.

అది పన్నెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. నాకు మాత్రం రోజూ పొద్దున్నే చెవిలో గుసగుసగా చెప్పేది: "ఇంకా తిరుగుతన్నాడు మావా." నేను "పెద్ద ట్యాంకున్న బండి కాబోలు" అనేవాణ్ణి. పన్నెండో రోజున అప్ప ఎడం పక్కనుంచి పిలిస్తే అది పలకలేదు. మళ్ళీ పిలిచింది. అది చిట్టిగిన్నెలతో ఆడుకుంటూనే ఉంది. అప్ప వంటింట్లోకి వెళ్ళి, కంచమూ గరిటే తెచ్చి, వెనకనుంచి ఎడం చెవి దగ్గర మోగించింది. అది తల కుడి వైపు తిప్పి చూసింది, చప్పుడు ఆ పక్కనుంచి వచ్చిందనుకుని.

అప్ప చేతిలోంచి కంచం జారిపోయింది.

పెద్దాసుపత్రిలో డాక్టరుగారు లోపల నరం దెబ్బతిందన్నారు. తిరిగి రాదన్నారు. వెంటనే తీసుకొచ్చుంటే ఏమైనా ప్రయత్నం చేసేవాళ్ళం, అయినా చెప్పలేం అన్నారు. ఏదైనా పెద్ద చప్పుడు వినిందా అని అడిగేరు. అందరూ నా వైపు చూసేరు.

"పందేనికి తీసుకెళ్ళేను సార్. కానీ రెండు చెవులకీ మైనం ఉంది" అన్నాను. అంత సాఫీగా ఏ అబద్ధమూ నా నోట్లోంచి రాలేదు.

"ఒక పక్కది సరిగ్గా కూర్చుని ఉండదు" అన్నారాయన, రాసుకుంటూ.

బావ ఆయన పెదాల్నే చూస్తున్నాడు. ఆ మాట అందింది. ఇంటికొచ్చేదాకా బస్సులో తన వేళ్ళు తను చూసుకుంటూ కూర్చున్నాడు.

అప్ప మాత్రం నరం అనీ, చప్పుడు అనీ నమ్మలేదు. సమాధుల మైనమే అంది. చచ్చినవాళ్ళ మీది మైనం బతికున్న పిల్లకి పెట్టేవు, చెవి తీసుకోకుండా ఊరుకుంటారా అంది. వీధిలో ఆడవాళ్ళు కూడా అదే అన్నారు. ఆ తరవాత ఆవిడ బావతో మాట్లాడ్డం మానేసింది. చెవిటివాడితో మాట్లాడకుండా ఉండడానికి నోరు మూసుకోనక్కర్లేదు. మొహం తిప్పుకుంటే చాలు. ఆవిడ కూర వండుతూ, బట్టలు ఉతుకుతూ, గోడ వైపు తిరిగి మాట్లాడేది. ఆయన ఆవిడ వీపు వైపు చూస్తూ నిలబడేవాడు, ఏదో అంటోందని తెలుసు, ఏమంటోందో తెలీదు. అలా కొన్ని నెలలు.

నేను ఒక్క మాట చెప్తే ఆవిడ ఆయన వైపు తిరిగేది. ఆ మాట గొంతు దాకా వచ్చిన రోజులున్నాయి. ఒకసారి వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, "అప్పా" అన్నాను. "ఏట్రా?" అంది. "అన్నం పెట్టు" అన్నాను.

బావ టిఫిన్ డబ్బా తీసుకెళ్ళి శ్మశానం గోడ దగ్గర వదిలేసి వచ్చేడు. తన చెవులకి పెట్టుకోవడం కూడా మానేసేడు. మిగిలిన సగం వినికిడి ఆ తరవాత రెండు మూడేళ్ళలో పోయింది. దానికీ నేనే పూచీ, ఆ లెక్క నాకెవరూ వెయ్యకపోయినా.

కానీ ఆ మనిషి మైనాన్ని వదల్లేదు. ఊళ్ళో ఎక్కడ మోటారు సైకిళ్ళ పందెం అన్నా, సర్కస్‌వాళ్ళు చెక్కబావిలో బళ్ళు తిప్పుతున్నారన్నా, కొత్త కొవ్వొత్తులు కరిగించి, దూది ఉండలు చుట్టి, సంచీలో వేసుకుని పోయేవాడు. తాడు పక్కన నిలబడి, పిల్లల్ని భుజాన వేసుకున్న తండ్రుల దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపేవాడు. "పిల్లకి పెట్టండి బాబూ. వెనక్కి జరగండి. ఆ గొట్టాల పక్కన నిలబెట్టకండి." సగం మంది బిచ్చగాడనుకునేవారు. కొందరు, "మీ ఆవిడ నీళ్ళోసుకుందేటి?" అని నవ్వేవారు. వాళ్ళ నవ్వు చూసి ఆయన కూడా నవ్వేవాడు, పెట్టుకోవడానికి ఒప్పుకున్నారేమోనని. పదిమందిని అడిగితే ఒకరిద్దరు పెట్టనిచ్చేవారు. పెట్టేక చిటికె వేసి చూసేవాడు. పిల్ల తిరక్కపోతే ఆ మొహంలో వెలుగు చూడాలి.

ఏడాదేడాదికీ ఆయన చుట్టే ఉండలు పెద్దవవుతూ వచ్చేయి.

నా మేనకోడలు పెరిగింది. బళ్ళో ఎప్పుడూ ఎడం గోడ పక్కన కూర్చునేది, అందరూ కుడి వైపుండేలా. ఎవరితో నడిచినా చటుక్కున వాళ్ళ ఎడం పక్కకి మారిపోయేది. తెలీనివాళ్ళు పొగరనుకునేవారు. పెట్రోలు కథ అబద్ధమని ఏ వయసులో తెలుసుకుందో నాకు తెలీదు. కానీ అదొక ఆటగా మిగిలిపోయింది మా ఇద్దరికీ. పుట్టినరోజుకి వెళ్తే, "మావా, ఇంకా తిరుగుతన్నాడు. ఏ బంకులో పోయించేవు?" అని నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి. నాకు అలవాటైన పని కదా.

అది దువ్వాడలో కాలేజీకి వెళ్తున్న రోజుల్లో, ఎనభైల చివర, కూర్మన్నపాలెం పక్కన స్టీల్‌ప్లాంటువాళ్ళ కొత్త క్వార్టర్లు లేస్తున్నాయి. అక్కడి కొత్త వెడల్పు రోడ్డు మీద మళ్ళీ పందెం అన్నారు. శనివారం మధ్యాహ్నం నేను అప్ప ఇంటికి వెళ్తే, అరుగు మీద చాప వేసుకుని బావ ఉండలు చుడుతున్నాడు. పక్కన కూతురు దూది విడదీస్తోంది. అప్ప గుమ్మంలో చేటలో బియ్యం ఏరుకుంటోంది. ఎప్పుడో మాటలు కలిసేయి గానీ, ఆ పన్నెండేళ్ళలో ఆవిడ మైనాన్ని ఒక్కసారి ముట్టుకోలేదు.

"ఇంత పెద్దవి పట్టవు నాన్నా. మొన్న ఒక పాప ఏడిసింది, నొప్పెడతందని" అంది పిల్ల, ఆయన మొహానికెదురుగా వంగి.

"ఏడవనీ. సిన్నవి సుడితే ఏటవుద్దో నాకు తెలుసు" అన్నాడాయన. ఆ మాట అంటూ దాని ఎడమ చెవి వైపు చూసి, వెంటనే చూపు దించుకున్నాడు. చేతిలో ఉన్న ఉండకి ఇంకొంచెం మైనం అద్దేడు.

అక్కడ తెగిపోయింది నాలో. పందెంలో ఆ పెద్ద ఉండలు పట్టక, పిల్లలు లాగి పారేస్తారు. నా మూలంగా మళ్ళీ ఎవరి చెవులో పోతాయి. చాప మీద ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"బావా, నువ్వు సరిగ్గానే సుట్టేవు. ఆ రోజు నానే తీసీసేను."

"ఏటి?"

చెవిటివాడికి గుట్టు చెప్పుకోవడమెలాగో మీకెవరికైనా తెలిస్తే చెప్పండి. పెదాలు చూడ్డానికి కూడా ఆయన కళ్ళు అప్పటికి మసకబారేయి. అరవాలి. అరిచేను.

"ఎడం సెవి మైనం నానే పీకేను! నా కథ వినబడట్నేదని! బండి పేలినాక రెండో సెవిది తుంచి రెండు సేసేను! అందుకే సిన్నగా ఉన్నాయి! నీ తప్పు కాదు!"

ఎదురింటావిడ బట్టలు ఆరేస్తూ ఆగిపోయింది. సైకిలు మీద పోతున్నవాడు కాలు కింద పెట్టేడు. చేటలో బియ్యం చప్పుడు ఆగింది.

బావ నా మొహంలోకి చూసేడు. తరవాత చిన్నగా నవ్వేడు. మైనం అంటిన చేత్తో నా బుగ్గ మీద తట్టేడు.

"మంచోడివిరా. నాను బాధపడతన్నానని ఇంత కథ కట్టేవు."

"కథ కాదు బావా!"

"గుమ్మడికాయలో టిక్కెట్టు కలెక్టరు కూడా కథ కాదన్నావు కదా. ఊరుకో. నా సేత్తో నాను సుట్టినవి నాకు తెల్దేటి?"

ఇంక ఎంత అరిచినా ఆయన తల ఊపుతూనే ఉన్నాడు, పసిపిల్లాణ్ణి సముదాయించినట్టు. చర్చి పేరు చెప్పి ఒట్టేసేను. మా అమ్మ సమాధి మీద ఒట్టేసేను. "ఒట్లెయ్యకు, పాపం" అన్నాడు. ఆ తరవాత ఎన్నేళ్ళు బతికినా ఆయన దాన్ని నా మంచితనం కిందే జమకట్టుకున్నాడు. వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు కూడా, మా బావమరిది నా కోసం తప్పు తన నెత్తినేసుకున్నాడని. ఆ మాట విన్నప్పుడల్లా నేను లేచి బయటికి పోయేవాణ్ణి. సిగ్గుపడుతున్నాననుకునేవాడు.

అప్ప నమ్మింది. నా వైపు చూడలేదు. చేట పక్కన పెట్టి లేచి వచ్చింది. నన్ను దాటుకుని వెళ్ళి బావ ఎదురుగా, ఆయనకి తన మొహం బాగా కనబడేలా, చాప మీద కూర్చుంది. గిన్నెలోంచి ఇంత మైనం తీసి, అరచేతిలో పెట్టుకుని, రెండో చేత్తో మూసింది, వెచ్చబడడానికి.

"ఎంతెంత సుట్టాల?" అని అడిగింది ఆయన్ని.

ఆయన చూపుడు వేలి కొనమీద బొటనవేలు పెట్టి చూపించేడు, ఇంత అని. ఆవిడ కొంచెం చిన్నది చుట్టి చూపించింది. ఆయన ఒప్పుకోలేదు. ఆవిడ మళ్ళీ చూపించింది.

నా మేనకోడలు లేచి వచ్చి నా పక్కన నిలబడింది. ఎప్పటిలాగే నన్ను తన కుడివైపుకి నెట్టుకుని.

"మావా, ఆ రోజు నాకు సెప్పిన కథ ఏటి?"

కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. నేను నోరు తెరిచేను. కళ్ళ ముందు పెట్టె ఉంది, తాడుంది, ఎర్రదుమ్ముంది, నా నోటికి ఆనిన చిన్న చెవి ఉంది, అది నవ్విన చోటుంది. కథ లేదు. ఎవరి గురించో, ఎక్కడ మొదలైందో, ఒక్క ముక్క లేదు. దాని చెవి కన్నా ముఖ్యమని నాకు అప్పుడు అనిపించిన కథ.

"గుర్తు లేదే" అన్నాను.

అది దూది పింజె వేళ్ళకి అంటుకుంటే నులిమి పారేసింది.

"గుర్తొచ్చినప్పుడు సెప్పు" అంది. కుడి చెవి మీద వేలితో తట్టి చూపించింది. "ఈ పక్కకి."

మర్నాడు పందేనికి అందరం వెళ్ళేం. అప్ప చుట్టినవి బాగా పట్టేయి. నేను కూడా ఒక పిల్లకి పెట్టేను.

ఆ కథ ఇప్పటిదాకా గుర్తు రాలేదు. దాని స్థానంలో ఇంకోటి కట్టి చెప్పడం నాకు క్షణం పని. చేప గురించి చెప్పొచ్చు, ఆవగింజంత మనిషి గురించి చెప్పొచ్చు, అది నమ్ముతుంది కూడా. ఎన్నిసార్లు కలిసినా అది కుడివైపుకి నన్ను తెచ్చుకుని, ఒక్క నిమిషం ఊరుకుంటుంది. నేనూ ఊరుకుంటాను.